కరువు మీద పని చేస్తూ మతి నిలుపుకోవడం ఎట్లా?

"నిన్న రాత్రి ఇంట్లో ఏం వండుకున్నారు?" ఇది సర్వే ఫారంలో ఒక మామూలు ప్రశ్న. సంగారెడ్డి జిల్లాలో ఒక మాదిగవాడలో మా విద్యార్థి మిత్రుడొకడు ఈ ప్రశ్న అడుగుతూ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఏడో ఇంట్లో ఒక ముసలమ్మ జవాబు చెప్పకుండా, "నువ్వేమన్న తిన్నవా బిడ్డా? మొఖం గుంజుకపోయింది" అంది. అతను ఫారం మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు. నాలుగు రోజులు గది తలుపు తియ్యలేదు. ఆ వారం వాళ్లమ్మకి కూలి దొరకలేదనీ, ఇంట్లో పక్కింటి నుంచి బదులు తెచ్చిన బియ్యంతో పొయ్యి వెలుగుతోందనీ మాకు తర్వాత తెలిసింది. తన ఇంటి సంగతే పరాయి ఊళ్లో లెక్క రాయడానికి పోయాడతను.

మేం అతన్ని అడిగిన మొదటి మాట, ఇంకా ఎన్ని ఫారాలు మిగిలాయని. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ రాయాలి. ఎందుకంటే ఈ వ్యాసం పుట్టింది అక్కడే.

మేం మానసిక వైద్యులం కాము. దళిత వాడల్లో తిండి, కూలి, వానల మీద కొన్నేళ్లుగా తిరుగుతూ, చదువుతూ, రాస్తూ ఉన్నవాళ్లం. మాలో చాలామంది ఆ వాడల్లోంచి వచ్చినవాళ్లమే. వాతావరణ మార్పు గురించీ ఆకలి గురించీ తెలుగులో ఇప్పుడు చాలానే రాస్తున్నారు. ఆ పని చేసేవాళ్ల మతి ఏమవుతోందో మాత్రం ఎవరూ మాట్లాడరు. ఉద్యమంలో ఉన్నవాడికి దిగులేమిటి, అంటారు. దిగులు మధ్యతరగతి జబ్బు అని కూడా అంటారు. ఇది నిజమేనా, చూద్దాం.

దిగులుతో మొదలయ్యే లెక్క

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆకలిని కొలవడానికి ఎనిమిది ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని వాడుతున్నారు. అందులో చివరి ప్రశ్న, రోజంతా ఏమీ తినకుండా ఉన్న సందర్భం ఉందా అని. అంతకు ముందువి, పూట మానేశారా, తక్కువ తిన్నారా, ఇంట్లో తిండి నిండుకుందా అనేవి. మరి మొట్టమొదటి ప్రశ్న ఏమిటి? గడిచిన ఏడాదిలో, డబ్బు లేక తిండి చాలదేమోనని ఎప్పుడైనా దిగులు పడ్డారా అని.

ఇది గమనించాల్సిన సంగతి. పళ్లెం ఖాళీ కాకముందే, దిగులు దగ్గరే ఆకలి మొదలవుతుందని ఆ శాస్త్రమే ఒప్పుకుంటోంది. మన అమ్మలకి ఇది కొత్త సంగతి కాదు. డబ్బాలో బియ్యం అడుగంటుతుంటే గ్లాసుతో కొలిచే చెయ్యి ఎట్లా వణుకుతుందో వాళ్లకి తెలుసు. ఆకలినీ బెంగనీ విడదీసి, ఒకటి పేదవాడి సమస్య, ఇంకోటి చదువుకున్నవాడి సమస్య అనడం తప్పు. దిగులు మధ్యతరగతి జబ్బు అనేవాళ్లకి మా జవాబు ఇదే.

అయితే ఆ ఫారంలో ప్రశ్న అడిగేవాడి దిగులుకి గడి లేదు. ఫారం తయారుచేసినవాళ్లు, అడిగేవాడు కడుపు నిండినవాడే అనుకున్నారు. అడిగేవాడు కూడా ఆ వాడ బిడ్డే అయినప్పుడు ఏమవుతుందో వాళ్లకి తట్టలేదు. తట్టకపోవడంలో వింత లేదు.

కాలం కాకపోతే

పల్లెల్లో "ఈ ఏడు కాలం కాలేదు" అంటారు. వాన పడలేదని అర్థం. వాతావరణ మార్పు అనే పెద్ద మాటని ఆ చిన్న మాటలోంచే అర్థం చేసుకోవాలని మేం అనుకుంటాం. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం 2011–2020 నాటికి భూమి సగటు వేడి, 1850–1900 నాటి కంటే సుమారు 1.1 డిగ్రీలు పెరిగింది. 1.1 డిగ్రీ అంటే మనకేం అర్థమవుతుంది? జ్వరం కూడా అంతకంటే ఎక్కువే వస్తుంది. కానీ 2015 మే నెలలో వడగాలికి దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణలవాళ్లే అంటే అర్థమవుతుంది. ఎండలో ఎవరుంటారు? మిరపకోతలో, ఇటుకబట్టీలో, రోడ్డు పనిలో, మట్టి పనిలో ఉన్నవాళ్లుంటారు. వాళ్లు ఏ కులాలవాళ్లో ఈ పత్రిక పాఠకులకి చెప్పనక్కరలేదు.

ఎండ చంపకపోయినా కూలి తింటుంది. గుత్తకి పత్తి ఏరే మనిషి పదకొండింటికే చెట్టు కింద కూలబడితే ఆ పూట కిలోలు తగ్గుతాయి, చేతికొచ్చేది తగ్గుతుంది. సాయంత్రం కొట్లో పప్పు మానేస్తుంది. ఈ పప్పు మానెయ్యడం ఏ వాతావరణ నివేదికలోనూ నష్టం కింద రాయరు. పంట నష్టం రాస్తారు. పంట ఎవరిదో వాళ్లకే పరిహారం వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015–16 వ్యవసాయ గణనలో వాళ్లు సాగు చేసుకునే భూమి మొత్తంలో 9 శాతానికి మించలేదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకి ఇచ్చింది గానీ కౌలుదారుకి ఇవ్వలేదు. వాన తప్పి రెండోసారి విత్తనం కొన్న కౌలుదారు అప్పు అతని ఒంటరి అప్పే అయింది.

2023 ఆగస్టు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో అంత పొడి ఆగస్టు లేదు. వర్షం 36 శాతం లోటు. నాట్లు, కలుపులు జరగాల్సిన నెలలో ఆడవాళ్లు వాడల్లో అరుగుల మీద కూర్చున్నారు. అప్పటికే బియ్యం ధర పెరుగుతోందని కేంద్రం జులైలో తెల్లబియ్యం ఎగుమతులు ఆపింది. ధర పెరిగేదీ, కూలి ఆగేదీ ఒకే నెలలో. వాడలో ఆకలి వచ్చే దారి ఇది. గాదెలో గింజ లేక వచ్చే కరువు కన్నా, దేశంలో గింజ ఉండి చేతిలో డబ్బు లేక వచ్చే కరువే ఇవాళ ఎక్కువ.

రేషన్ లేకపోతే ఈ దారి ఇంకా ఘోరంగా ఉండేది. ఈ సంగతి ఒప్పుకోవాలి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మా ఇళ్లలో జరిగింది పండగే. వరన్నం దొర తినే తిండి. మనవాళ్లు గటక, సంకటి, అంబలి తాగి పెరిగినవాళ్లు. ఇవాళ చిరుధాన్యాల గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ పండగని వెక్కిరిస్తే మాకు ఒళ్లు మండుతుంది. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి 5 కిలోలు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. మంచిదే. కానీ బియ్యంతో కడుపు నిండుతుంది, నెత్తురు పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు దేశం మొత్తం మీద 35.5 శాతం, ఎస్సీ పిల్లల్లో 39 శాతం దాకా. ఒకప్పుడు చేలగట్ల మీద ఉచితంగా దొరికిన తుమ్మికూర, గునుగుకూర, పొన్నగంటి, చెంచలి ఈ లోటుని కొంత పూడ్చేవి. కలుపు మందు వచ్చాక అవీ పోయాయి. ఆసామికి అది కలుపు. కూలికి పోయిన మనిషికి రాత్రి కూర.

మతి ఎక్కడ తప్పుతుంది

ఇదంతా తెలిసిన మనిషి రోజూ ఇందులోనే తిరిగితే ఏమవుతాడు?

2021లో లాన్సెట్ వారి పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇండియాతో సహా పది దేశాల్లో 16–25 ఏళ్ల యువతీయువకులు 10,000 మందిని అడిగారు. 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి చాలా, లేదా తీవ్రంగా దిగులుపడుతున్నామన్నారు. 45 శాతానికి పైగా ఆ దిగులు తమ రోజువారీ బతుకుని దెబ్బతీస్తోందన్నారు. ఇది ఇంటర్నెట్లో చేసిన సర్వే. అందులో మన వాడల పిల్లలు ఎందరుంటారో ఊహించుకోవచ్చు. అయినా ఇది కొట్టిపారెయ్యాల్సిన లెక్క కాదు. ఇవాళ మన పిల్లలు కూడా విశ్వవిద్యాలయాల్లో అవే నివేదికలు చదువుతున్నారు, అవే పటాలు చూస్తున్నారు.

తేడా ఎక్కడంటే, ఆ పదివేలమందిలో ఎక్కువమందికి భయం రాబోయేదాని గురించి. మన పిల్లలకి రాబోయేదీ, జరుగుతున్నదీ, తాత చెప్పిన పాతదీ ఒక్కటే. 2050లో దిగుబడి తగ్గుతుందని నివేదికలో చదివి, సెలవులకి ఇంటికి పోతే అక్కడ ఇప్పటికే తగ్గి ఉంటుంది. పరిశోధకుడికీ పరిశోధించే సంగతికీ మధ్య కాస్త ఎడం ఉండాలని పద్ధతుల పుస్తకాల్లో రాస్తారు. మనవాళ్లకి ఆ ఎడం పుట్టుకతోనే లేదు. ఫారం నింపుతున్నంతసేపూ తన ఇల్లే కళ్లముందు ఆడుతుంటుంది.

ఇంకొకటి, బయటివాళ్లు మన బతుక్కి పెట్టే పేర్లు. ఒక సెమినార్లో ఒక పెద్దమనిషి "దళిత మహిళల తట్టుకునే శక్తి అద్భుతం" అని అరగంట మాట్లాడారు. మా బృందంలో ఒక చెల్లెలు లేచి బయటికి పోయి టీబంకు దగ్గర నిలబడి ఏడ్చింది. వాళ్లమ్మ తట్టుకుంది. తట్టుకుని, తట్టుకుని, 48 ఏళ్లకే నడుం వంగి కూర్చుంది. తట్టుకోకపోతే చచ్చిపోయేది గనక తట్టుకుంది. దాన్ని గుణం కింద మెచ్చుకుంటే, తట్టుకోవాల్సిన గతి పట్టించినవాళ్లు తప్పుకుంటారు. ఇట్లాంటి మెప్పు తిట్టుకంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. తిట్టుకి ఎదురు తిట్టొచ్చు.

మందు కూడా వాళ్లే చెప్తారు. ఊపిరి మీద ధ్యాస పెట్టండి, వార్తలు తగ్గించండి, ప్రకృతిలో గడపండి. మా అమ్మలు యాభై ఏళ్లుగా ప్రకృతిలోనే గడుపుతున్నారు, వంగి. ఊపిరి మీద ధ్యాస చెడ్డదని మేం అనం. అది సరిపోతుందంటే మాత్రం ఒప్పుకోం.

నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో వ్యవసాయరంగంలో ఆత్మహత్యలు 11,290. అందులో రైతులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. పేపర్లన్నీ రైతు ఆత్మహత్యలనే రాస్తాయి. కూలీల చావు ఆ మాటలో మునిగిపోతుంది. చావులో కూడా మనవాళ్లకి సొంత పేరు లేదు. ఈ లెక్క టైపు చేసిన మా మిత్రుడు వారం రోజులు నిద్రపోలేదు. ఇక 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక, దళిత పరిశోధకుడి మనసు గురించి "అది వ్యక్తిగతం" అని ఏ విశ్వవిద్యాలయమైనా అనగలదా? అంటున్నారు, అది వేరే సంగతి.

మొత్తం మీద మాకు అర్థమైంది ఇది. చెడ్డ కబురు వల్ల మతి తప్పడం తక్కువ. ఆ కబురుని ఒక్కడే మొయ్యడం, దానికి కారణం ఎవరో పేరు పెట్టి చెప్పలేకపోవడం, చేతిలో ముగించదగ్గ పని ఒక్కటీ లేకపోవడం, వీటివల్లే ఎక్కువ తప్పుతోంది.

ధాత కరువు నుంచి ఒక ఉత్తరం

ఈ పని మనతో మొదలవలేదు. 1876–78 కరువుని రాయలసీమలో ధాత కరువు అంటారు. ఆ ఏళ్లలో పసిఫిక్ సముద్రం అసాధారణంగా వేడెక్కిందనీ, ఎల్‌నినో అని పిలిచే ఆ మార్పు వల్లే మన వానలు తప్పాయనీ తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే అది కూడా వాతావరణపు దెబ్బే. కానీ 50 లక్షలకి పైగా జనం చచ్చిపోయింది వాన తప్పినందువల్ల మాత్రమే కాదు. ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. కరువు పనుల్లో మగ కూలీకి రోజుకి ఒక పౌను గింజ, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొర నిర్ణయించాడు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వంలోనే ఆరోగ్యాధికారి కార్నిష్ లెక్కలతో పోట్లాడాడు. ఇవాళ్టి రేషన్ 5 కిలోలని ముప్పై రోజులకి పంచితే రోజుకి 167 గ్రాములు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు, అది కూలి, ఇది అందరికీ ఇచ్చే భృతి. అయినా చెయ్యి ఊరుకోదు, లెక్క వేస్తుంది.

అదే కరువు మహారాష్ట్రని కూడా కాల్చింది. జున్నర్ ప్రాంతంలో ఓతూరు అనే ఊళ్లో సావిత్రీబాయి ఫూలే సత్యశోధక సమాజం కార్యకర్తలతో కలిసి కరువు పనిలో ఉంది. 1877 ఏప్రిల్ 20న అక్కణ్ణుంచి జోతీబాకి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం మనకి మిగిలింది. పశువులు చచ్చిపోవడం, జనం ఆకులలాలు తినడం, షావుకార్ల దోపిడి, కార్యకర్తల్ని పోలీసులు పట్టుకుపోవడం, తను కలెక్టరుతో మాట్లాడటం, అతను వాళ్లని వదిలిపెట్టి జొన్నలు కూడా పంపడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఈ ఉత్తరాన్ని మేం మా కుర్రవాళ్లతో కలిసి చదువుతుంటాం. అందులో కష్టాన్ని దాచలేదు. కష్టానికి కారకులెవరో చెప్పింది. ఎవరితో ఏం మాట్లాడిందో, ఏం సాధించిందో, ఇంకా ఏం మిగిలిందో చెప్పింది. అన్నిటికంటే ముందు, ఇంకొక మనిషికి చెప్పింది. నిజంగా ఆమె మనసులో ఏముందో మనకెట్లా తెలుస్తుంది? కానీ కరువు మధ్యలో కూర్చుని రోజు లెక్క సాటి మనిషికి రాయగలగడం చిన్న సంగతి కాదు. మనం చేస్తున్నదేమిటి? నిధులిచ్చినవాళ్లకి మూడు నెలలకోసారి నివేదిక రాస్తాం. మనలో మనం ఉత్తరం రాసుకోం.

జహీరాబాదులో మేం చూసింది

జహీరాబాదు చుట్టుపక్కల ఊళ్లలో దళిత మహిళా సంఘాల పని గురించి చాలామంది రాశారు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి నడిచిన సంఘాలవి. దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్ 2023 మార్చిలో చనిపోయారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2008 నుంచి మాచ్‌నూరులో సొంత రేడియో కూడా నడిపారు. ఇవన్నీ తెలిసిన సంగతులే. మేం చూడాలనుకున్నది వేరు. ఇన్ని కరువుల మధ్య ముప్పై నలభై ఏళ్లు పని చేసి, ఈ ఆడవాళ్లు మతి ఎట్లా నిలుపుకున్నారు?

1990ల నడుమ వాళ్లు చేసిన ఒక పని చెప్తాం. ప్రభుత్వ రేషన్లో బియ్యమే వస్తోంది, మన నేలలో జొన్న పండుతుంది, మన భూములేమో బీళ్లుగా పడి ఉన్నాయి. ఆ బీళ్లని దున్నడానికి చిన్న రైతులకి అప్పిచ్చారు. అప్పు డబ్బుగా కాక జొన్నలుగా కొన్నేళ్లలో తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేశారు. తక్కువ ధరకి పేదలకి అమ్మారు. పేదలెవరు? పైనుంచి వచ్చిన జాబితా కాదు. ఊరంతా కూర్చుని, ఎవరింట్లో ఎన్ని నెలలు గింజ ఉంటుంది, ఎవరికి భూమి లేదు, ఎవరికి ఆసరా లేదు అని మాట్లాడుకుని తేల్చారు. ముప్పైకి పైగా ఊళ్లలో ఇట్లా నడిచింది. ఒకప్పుడు ఊళ్లో గింజ కోసం దొర గడప దగ్గర చెయ్యి చాచినవాళ్లే, గింజ కొలిచే కుర్చీలో కూర్చున్నారు.

మనసుకి దీంతో సంబంధమేమిటి అంటారేమో. ఉంది. ఈ పనికి మొదలుంది, చివరుంది. మిర్గానికి విత్తనం, కాలం నడుమ కలుపు, కోత, కొలత, నిలవ. ఎన్ని బస్తాలు వచ్చాయో చేత్తో పట్టుకుని చెప్పొచ్చు. ఏడాది చివర పని ముగుస్తుంది, మళ్లీ మొదలవుతుంది. మేం ఒకసారి అక్కడ ఒక ఊళ్లో ఉష్ణోగ్రతల పటం గోడకి అంటించి 2050 గురించి చెప్పాం. అంతా శ్రద్ధగానే విన్నారు. చివర ఒక పెద్దామె, "నువ్వు చెప్పింది నిజమే ఉంటది బిడ్డా. ఇప్పుడు రోహిణి నడుస్తుంది. మిర్గం దాక ఇత్తనం పురుగు పట్టకుండ సూస్కోవాలె నేను" అంది. ఆమెకి 2050 పట్టదని కాదు. బూడిద కలిపి, వేపాకు వేసి, బుట్టకి మట్టి మెత్తి విత్తనం దాచడమే 2050 గురించి ఆమె చెయ్యగల పని. ఒకే చేలో పచ్చజొన్న, కంది, సజ్జ, కొర్ర, సామ, పెసర, అనుములు కలిపి వేస్తారు. ఒకటి పోతే ఇంకోటి నిలబడుతుందని. యాసంగిలో వాన లేకుండా నేలతడితో, మంచుతో పండే పంటల్ని వాళ్లు సత్యం పంటలంటారు.

మేం ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదేదో స్వర్గం అనుకోవద్దు. కొర్రలు దంచడం, సామలు చెరగడం ఆడవాళ్ల ఒళ్లు హూనం చేసే పని. ఆ ఊళ్ల కుర్రవాళ్లలో చాలామందికి చేను మీద కంటే జహీరాబాదు ఫ్యాక్టరీల మీదే కన్ను. వాళ్ల తప్పేం లేదు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, ఇంకేం, నగరాల్లో కొర్రలు అందమైన ప్యాకెట్లలోకి ఎక్కాయి. దంచిన చేతులకి ఆ ధరలో ఎంత వచ్చిందో ఎవరూ అడగలేదు. పని కొలిచే పద్ధతి నేర్చుకోవడానికే మేం అక్కడికి పోయాం, తిండికి పవిత్రత అంటగట్టడానికి కాదు.

మేం చేస్తున్నవి

ఇప్పుడు మా సంగతి. మేం కొన్ని మార్చుకున్నాం, అన్నీ కుదిరాయని చెప్పం.

వాడకి ఒంటరిగా ఎవరినీ పంపం. ఇద్దరు పోతారు. సాయంత్రం నాలుగు తర్వాత ఫారం తియ్యరు. ఎవరైనా అన్నం పెడితే తింటారు, "మేం తినేసి వచ్చాం" అనరు. అన్నం దగ్గర అబద్ధం చెప్పి ఆకలి మీద సర్వే చెయ్యడం ఏం పద్ధతి? ఆ ఎనిమిది ప్రశ్నలు ముందు మమ్మల్ని మేం అడుగుకున్నాం. మొదటి ప్రశ్నకి అవునన్నవాళ్లే ఎక్కువ. అది విన్నాక ఆ గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం చాలా మాట్లాడారు. ఫెలోషిప్పు ఆలస్యమైనవాళ్లకి, ఇంట్లో కూలి ఆగినవాళ్లకి ఇచ్చేందుకు నెలకి కొంత అందరం వేసుకుంటున్నాం. ఖాళీ కడుపుతో దిగులు తగ్గదు.

శనివారం సాయంత్రం కూర్చుంటాం. ఒక నోటుపుస్తకంలో రెండు వరసలు రాస్తాం. ఒక వరసలో మా చేతిలో ఉన్నవి, ఇంకో వరసలో ఎవరి చేతిలో ఉన్నవో వాళ్ల హోదాతో సహా. ఒక వాడలో రేషను తూకం తక్కువ వస్తోందని మొదటి వరసలో రాశాం. కార్డులు చూశాం, సంతకాలు తీసుకున్నాం, తహశీల్దారు దగ్గరికి నాలుగుసార్లు తిరిగాం. రెండు నెలలకి తూకం సరయింది. కౌలు రైతుకి గుర్తింపు లేకపోవడం రెండో వరసలో ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది. అది మా ఒంటరి తప్పు కాదని ఆ వరస గుర్తుచేస్తుంది. దాని మీద ధర్నాకి ఎవరితో కలవాలో కూడా అక్కడే రాసుకున్నాం. కోపం తగ్గించుకోమని మేం ఎవరికీ చెప్పం. సరైన చిరునామా దొరికిన కోపం మనిషిని లోపలినుంచి తినడం మానేస్తుంది.

నిద్ర పట్టకపోవడం వారాలు దాటినా, తిండి సహించకపోయినా, చచ్చిపోవాలనిపించినా వైద్యుడి దగ్గరికి పోవాల్సిందే. ఇందులో చర్చ లేదు. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ ఉంది, 14416కి ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. వైద్యుడికి కులం సంగతి అర్థం కాకపోవచ్చు. అందుకే మనలో ఒకరు తోడు పోతారు. మందులు వాడటం సిద్ధాంతానికి విరుద్ధం అనే మూర్ఖత్వం ఇంకా కొందరిలో ఉంది. చక్కెర జబ్బుకి మందేసుకునే నాయకులు కూడా ఈ మాట అంటుంటారు!

ఇంకోటి, వెళ్లిపోయేవాళ్లని వెళ్లనివ్వడం. పాత ఉద్యమాల అలవాటు కొద్దీ, పని వదిలి ఉద్యోగంలో చేరినవాళ్లని జారిపోయినవాళ్లన్నాం, ఇంకా చెడ్డ మాటలూ అన్నాం. తప్పు చేశాం. వాళ్లలో ఒకతను ఇప్పుడు టీచరు. మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్లయితే ఆ పూటే మాకు ఫోను చేస్తాడు. సెలవుల్లో వచ్చి ఫారాలు నింపిపెడతాడు. ఒకావిడ రెండేళ్లు విశ్రాంతి తీసుకుని తిరిగొచ్చింది. ఎందుకు పోయావని ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండటం నేర్చుకోవడానికి మాకు పదేళ్లు పట్టింది.

మొదట చెప్పిన విద్యార్థి మూడు వారాలకి బయటికొచ్చాడు. అతను మళ్లీ ఆ వాడకి పోతానన్నాడు, ఫారం లేకుండా. పోయి ఆ ముసలమ్మ ఇంటి ముందు కూర్చుని, తనే మొదలుపెట్టి, మా ఇంట్లో నిన్న ఏం వండారో చెప్పాడట. ఆమె కూడా చెప్పింది. ఏం చెప్పిందో మేం అడగలేదు, అతను రాయలేదు. మా లెక్కల్లో ఏడో ఇంటి గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మిర్గం తర్వాత రెండో విడత సర్వే ఉంది. ఆ వాడకి ఇద్దరు పోతున్నారు.